ఫిట్స్ లిబరేటర్ 4: హబుల్ నల్లఫైలు అచ్చుకెక్కే బొమ్మ కావాలంటే

హబుల్ టెలిస్కోపు ఆర్కైవ్ నుంచి దించుకున్న ఫిట్స్ ఫైలును (ఖగోళ డేటాను దాచే ఫార్మాట్ అది) మామూలు ఫొటో సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే కనిపించేది నలుపు. అక్కడక్కడా నాలుగు తెల్లచుక్కలు. డౌన్‌లోడ్ సరిగ్గా కాలేదేమోనని చాలామంది మళ్లీ దించుకుంటారు. ఫైలుకేమీ కాలేదు. గెలాక్సీ నడిబొడ్డున ఉన్న వెలుగుకీ, అంచున మినుకుమనే ధూళికీ మధ్య తేడా వేల రెట్లు ఉంటుంది. మన తెర అదంతా 256 మెట్లలోనే చూపాలి. ఆ వేల రెట్లను కంటికి అందే మెట్లలోకి దించడం అనే ఒక్క పని కోసం పుట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఫిట్స్ లిబరేటర్.

దీని పుట్టుక గురించి ఒక మాట చెప్పుకోవాలి, ఎందుకంటే ఇందులోని మంచీ చెడూ రెండూ అక్కణ్నుంచే వచ్చాయి. యూరప్ అంతరిక్ష సంస్థ ఈఎస్ఏ, యూరప్ దక్షిణ వేధశాల ఈఎస్ఓ, నాసా కలిసి 2004లో దీన్ని ఫొటోషాప్‌లో అమర్చుకునే ప్లగిన్‌గా విడుదల చేశాయి. ముందుండి నడిపించింది హబుల్ యూరప్ సమాచార విభాగాన్ని చూసిన లార్స్ లిండ్‌బర్గ్ క్రిస్టెన్సెన్. అంటే ఇది పరిశోధకుల కొలతల కోసం తయారైంది కాదు. పత్రికలకు బొమ్మ ఇవ్వాల్సిన కమ్యూనికేషన్స్ వాళ్ల అవసరం కోసం తయారైంది. మూడో వెర్షన్ నుంచి ఫొటోషాప్ లేకుండానే నడుస్తోంది. ఇప్పుడున్న నాలుగో వెర్షన్‌ను 2021లో అమెరికా జాతీయ ఖగోళ వేధశాలల సంస్థ నోయిర్‌ల్యాబ్ విడుదల చేసింది. విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు.

ముందు ఫైలు సంగతి. హబుల్, జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపుల డేటా బాల్టిమోర్‌లోని మాస్ట్ ఆర్కైవ్‌లో ఉంటుంది. పరిశీలన చేయించుకున్నవారికి ప్రత్యేకంగా ఇచ్చే గడువు తీరి బహిరంగమైన డేటాకు లాగిన్ కూడా అక్కర్లేదు. సాధారణంగా జరిగే పొరపాటు ఫైలు ఎంపికలోనే. ఒకే పరిశీలనకు పది రకాల ఫైళ్లు కనిపిస్తాయి. పేరు చివర ఎఫ్ఎల్‌టీ అని ఉన్నవి విడి ఎక్స్‌పోజర్లు. వాటిలో కెమెరా అద్దాల వల్ల వచ్చే వంకర సరిచేసి ఉండదు, కాస్మిక్ కిరణాల (అంతరిక్షం నుంచి దూసుకొచ్చే కణాల) గీతలూ తీసేసి ఉండవు. మనకు కావాల్సింది డీఆర్‌సీ లేదా డీఆర్‌జెడ్ అని ఉన్నది. ఎక్స్‌పోజర్లన్నీ కలిపి, వంకర సరిచేసి ఇచ్చిన ఫైలు అదే. రెండూ ఉంటే డీఆర్‌సీ తీసుకోండి. డిటెక్టర్ పాతబడి చదివేటప్పుడు ఎలక్ట్రాన్లు వెనకబడి ఏర్పడే తోకలను అందులో చాలావరకు సరిదిద్ది ఉంటారు. వెబ్ టెలిస్కోపుకైతే ఐ2డీ అని ఉన్నది. హబుల్ ఏసీఎస్ కెమెరా ఫైలు ఒక్కొక్కటి 200 ఎంబీ చుట్టూ ఉంటుంది, మూడు ఫిల్టర్లంటే 600. దానికి తగ్గ ఇంటర్నెట్ చూసుకోవాలి.

ఫైలును లిబరేటర్‌లో తెరవగానే లోపలి పొరలు కనిపిస్తాయి. హబుల్ ఫైలులో మొదటిది అసలు బొమ్మ, ఎస్‌సీఐ అని ఉంటుంది. రెండోది ఏ పిక్సెల్‌కు ఎంత పరిశీలన సమయం దక్కిందో చెప్పే తూకం పొర. తూకం పొరను బొమ్మ అనుకుని, గళ్లగళ్లుగా ఏదో వస్తోందని తలపట్టుకునేవాళ్లు ఉన్నారు. ఎస్‌సీఐ ఎంచుకుంటే చాలు.

తరవాత చూడాల్సింది హెడర్, అంటే ఫైలు మొదట్లో బొమ్మ వివరాలు రాసి ఉండే భాగం. ఈ సాఫ్ట్‌వేర్ హెడర్‌ను చక్కగా చదివిస్తుంది, దాన్ని దాటేయొద్దు. ఫిట్స్ ఫార్మాట్ 1981 నాటిది. ఒక్కో హెడర్ పంక్తి 80 అక్షరాలు, అలాంటి 36 పంక్తులు కలిస్తే 2880 బైట్ల దిమ్మె. అది పంచ్‌కార్డుల కాలం నాటి కొలత, నేటికీ అదే నడుస్తోంది. అందులో ఫిల్టర్ పేరు, ఎక్స్‌పోజర్ సమయం, తేదీ అన్నీ ఉంటాయి. ఫిల్టర్ దగ్గరే ఓ చిక్కుంది. ఏసీఎస్ కెమెరాకు రెండు ఫిల్టర్ చక్రాలు కాబట్టి ఫిల్టర్1, ఫిల్టర్2 అని రెండు పంక్తులు ఉంటాయి. మొదటిదాంట్లో ‘క్లియర్’ అని కనిపిస్తే ఫిల్టర్ లేదనుకుంటారు. అప్పుడు అసలు ఫిల్టర్ రెండో పంక్తిలో ఉంటుంది. వెబ్ పరారుణ కెమెరా నిర్‌క్యామ్‌లో ఇంకా తిరకాసు. ఎఫ్470ఎన్ అనే సన్నని ఫిల్టర్ వాడినప్పుడు ‘ఫిల్టర్’ పంక్తిలో ఎఫ్444డబ్ల్యూ అని ఉంటుంది. ఎఫ్470ఎన్ పేరు ‘ప్యూపిల్’ అనే మరో పంక్తిలో దొరుకుతుంది. ఇది చూడకుండా బొమ్మ కింద ఫిల్టర్ పేరు రాస్తే తప్పు సమాచారం అచ్చవుతుంది. సంస్థ పేరుతో వెళ్లే బొమ్మకు అది చిన్న తప్పు కాదు.

ఇక అసలు పని, స్ట్రెచ్. వెలుగు విలువలను తెర మెట్లలోకి పరచడమే అది. లీనియర్, లాగ్, వర్గమూలం, ఘనమూలం, ఆర్క్‌సైన్‌హెచ్ వంటి ఫంక్షన్లు వరసగా ఇచ్చారు. వీటితో పాటు నింపాల్సిన గడులు ముఖ్యంగా మూడు: బ్యాక్‌గ్రౌండ్ లెవెల్, పీక్ లెవెల్, స్కేల్డ్ పీక్ లెవెల్. మొదటి రెండూ అర్థమవుతాయి. ఆకాశం విలువ ఎంత, అత్యంత వెలుగున్న చోట విలువ ఎంత అనేవే. మూడోది, అంటే ఫంక్షన్ వెయ్యకముందు పీక్ విలువను ఏ అంకెకు సర్దాలో చెప్పేది, చాలామందికి కొరుకుడు పడదు. బొమ్మ బతకడమూ చావడమూ దాని మీదే ఆధారపడి ఉంది కాబట్టి లెక్కవేసి చూద్దాం.

2005 జనవరిలో హబుల్ ఏసీఎస్ కెమెరా తీసిన ఎం51 సర్పిల గెలాక్సీ లాంటిదాన్ని తీసుకోండి. ఆకాశం విలువ తీసేశాక కేంద్రం 100, సర్పిలపు చేతుల్లో ఒకచోట ధూళి వెలుగు 1 అనుకుందాం. లీనియర్‌లో ఆ చేతికి దక్కేది 255లో రెండో మూడో. నలుపుకీ దానికీ తేడా కన్ను పట్టదు. వర్గమూలం పెడితే 25. ఆర్క్‌సైన్‌హెచ్ పెట్టి స్కేల్డ్ పీక్ 10 ఇస్తే 8 మాత్రమే. అదే ఆర్క్‌సైన్‌హెచ్‌లో స్కేల్డ్ పీక్ 100 చేస్తే 42కి లేస్తుంది. 1000 చేస్తే 100 అందుకుంటుంది. చెయ్యి మొత్తం తెర మీదికి వచ్చేస్తుంది. కానీ ఆ వెలుగు ఊరికే రాలేదు, కేంద్రం దగ్గర కోసి తెచ్చిందే. కేంద్రంలో సగం వెలుగున్న పిక్సెల్, అంటే 50 విలువది, లీనియర్‌లో 127 దగ్గర ఉండేది. స్కేల్డ్ పీక్ 10లో 197, 1000లో 232. అత్యధిక వెలుగుకీ దానికీ మిగిలింది 23 మెట్లే. అందుకే చేతులు బాగా తేలిన బొమ్మల్లో నడిబొడ్డు పిండిముద్దలా కనిపిస్తుంది. గెలాక్సీలకు 100 దగ్గర మొదలుపెట్టి అటూ ఇటూ జరపడం మా సలహా. నేరుగా 1000లోకి దూకితే ఆకాశపు గరగర (నాయిస్) కూడా లేచి కూర్చుంటుంది. ఆ గరగరను తరవాత పోగొట్టాలంటే సున్నితమైన వివరాలు కూడా చెరిగిపోతాయి.

లాగ్ ఎందుకు వద్దు? ఆకాశం విలువ సున్నాకు దగ్గరగా ఉన్నప్పుడు గరగర వల్ల దాదాపు సగం పిక్సెళ్లు మైనస్‌లో పడతాయి. మైనస్‌కు లాగ్ లేదు, వర్గమూలమూ లేదు. ఆ పిక్సెళ్లు విలువలేనివిగా మిగిలి, బొమ్మలో మిరియాలు చల్లినట్టు నల్లచుక్కలు వస్తాయి. ఆర్క్‌సైన్‌హెచ్ మైనస్‌ను కూడా సాఫీగా దాటిస్తుంది. చిన్న విలువల దగ్గర లీనియర్‌లా, పెద్ద విలువల దగ్గర లాగ్‌లా నడుస్తుంది. తొంభై పాళ్ల పనికి అదొక్కటీ చాలు.

బ్యాక్‌గ్రౌండ్ లెవెల్ నింపేముందు కర్సర్‌ను ఖాళీ ఆకాశం మీద ఐదారు చోట్ల పెట్టి విలువలు రాసుకోండి. వాటి సగటుకన్నా ఓ పిసరు తక్కువ ఇవ్వండి. సరిగ్గా సగటే ఇస్తే ఆకాశంలో సగం గుడ్డినలుపు అయిపోతుంది. ఆటో స్కేలింగ్ బొత్తాం ఉంది, గెలాక్సీలకు పర్వాలేదు. ఫ్రేమంతా మేఘమే పరుచుకున్న నెబ్యులాలకు మాత్రం నమ్మొద్దు. ఖాళీ ఆకాశమే లేనిచోట అది మేఘాన్నే ఆకాశంగా లెక్కేసుకునే ప్రమాదం ఉంది. హిస్టోగ్రామ్ (ఏ వెలుగున్న పిక్సెళ్లు ఎన్నో కొండలా చూపే గ్రాఫు) కింది నలుపు, తెలుపు జారుడు గుర్తులతో చివరి సర్దుబాటు చేసుకోవచ్చు. నలుపు గుర్తును కొండ పాదానికి ఎడమగా ఆపండి, కొండను కోయొద్దు. తెగిపోయిన పిక్సెళ్లను రంగుతో గుర్తుపెట్టి చూపే ఏర్పాటు ఉంది. దాన్ని ఎప్పుడూ ఆన్‌లో ఉంచుకోవాలి. ఈ సాఫ్ట్‌వేర్‌లో మాకు అన్నిటికన్నా నచ్చింది అదే. మీరు పారేస్తున్న డేటా ఏదో కళ్లెదురుగా చూపిస్తుంది.

భద్రపరిచేటప్పుడు 16 బిట్ టిఫ్ ఎంచుకోవాలి. 8 బిట్‌లో 256 మెట్లే ఉంటాయి. తరవాత రంగు సర్దుబాట్లలో ఆ మెట్ల మధ్య ఖాళీలు తేలి ఆకాశంలో పట్టీలు పడతాయి. 16 బిట్‌లో 65,536 మెట్లు ఉంటాయి. ఏసీఎస్ ఫ్రేముకు టిఫ్ సుమారు 35 ఎంబీ అవుతుంది, భయపడాల్సిన బరువు కాదు. నింపిన మూడు అంకెలనూ ఫిల్టర్ పేరుతో పాటు ఓ కాగితం మీద రాసుకోవడం మరవొద్దు. ఆరు నెలల తరవాత ఎవరైనా పాఠకుడు బొమ్మ గురించి ప్రశ్న వేస్తే జవాబు ఆ కాగితంలోనే దొరుకుతుంది.

ఇక్కడితో లిబరేటర్ పని అయిపోయింది. కొత్తగా వచ్చినవారు నిరాశపడేది కూడా ఇక్కడే, చేతిలో ఉన్నవి మూడు నలుపు తెలుపు బొమ్మలు. రంగు ఇది వెయ్యదు. ఫొటోషాప్ ఉంటే మూడింటినీ పొరలుగా పేర్చి, కిందిది నార్మల్‌లో, పైవి స్క్రీన్ మోడ్‌లో పెట్టాలి. ఒక్కో పొరకు హ్యూ/శాచురేషన్‌లో కలరైజ్ టిక్ పెట్టి, శాచురేషన్ 100, లైట్‌నెస్ మైనస్ 50 ఇవ్వాలి. ఎరుపుకు హ్యూ 0, ఆకుపచ్చకు 120, నీలానికి 240. ఆ మైనస్ 50 మరిస్తే తెలుపు తెలుపుగానే ఉండిపోయి రంగు పట్టదు. డబ్బు పెట్టలేనివారికి ఉచితంగా దొరికే గింప్ ఉంది. 2.10 వెర్షన్ నుంచి 16, 32 బిట్‌లలో పనిచేస్తుంది. మూడు ఫిల్టర్లే అయితే అందులో కలర్స్ మెనూలోని కాంపోనెంట్స్, కంపోజ్ ద్వారా ఒక్క దెబ్బతో రంగు బొమ్మ తయారవుతుంది.

ఏ ఫిల్టర్‌కు ఏ రంగు అంటే, తరంగదైర్ఘ్యం క్రమమే సూత్రం. పొడవైనదానికి ఎరుపు, పొట్టిదానికి నీలం. హబుల్ తీసిన సృష్టి స్తంభాలు (పిల్లర్స్ ఆఫ్ క్రియేషన్) అందరికీ తెలిసిన బొమ్మే. 1995లో ఒకసారి, 2014లో కొత్త కెమెరాతో మరోసారి తీశారు. రెండోసారి వాడిన ఎఫ్502ఎన్ ఫిల్టర్ ఆక్సిజన్ వెలుగును పడుతుంది, దానికి నీలం. ఎఫ్657ఎన్ హైడ్రోజన్, నైట్రోజన్లను పడుతుంది, దానికి ఆకుపచ్చ. ఎఫ్673ఎన్ గంధకానికి, ఎరుపు. నిజానికి హైడ్రోజన్ వెలుగూ కంటికి ఎరుపే. కానీ గంధకాన్ని దాన్నుంచి విడదీసి చూపాలంటే దాన్ని పక్కకు జరపక తప్పదు. సాధన చెయ్యాలనుకునేవారికి ఇంతకన్నా మంచి డేటా లేదు, ఎందుకంటే మీరు చేసినదాన్ని పక్కన పెట్టి పోల్చుకోవడానికి విడుదలైన బొమ్మ ఉంది.

రంగులు కలిపాక బయటపడే చిక్కుల్లో మొదటిది పొసగకపోవడం. నక్షత్రాల చుట్టూ ఒకవైపు ఎరుపు, మరోవైపు నీలం అంచు కనిపిస్తే పొరలు జరిగాయని అర్థం. లిబరేటర్‌లో పొరలను ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చే సదుపాయం లేదు. ఇది దీని పెద్ద లోటు. ఒకే విడతలో తీసిన హబుల్ ఫ్రేములైతే దాదాపు సరిపోతాయి. వేరువేరు ఏళ్లలో, వేరువేరు కోణాల్లో తీసినవైతే ముందే మరో సాఫ్ట్‌వేర్‌లో సరిచేసుకోవాలి. వెబ్ డేటాతో ఇంకో ఇబ్బంది. నిర్‌క్యామ్ పొట్టి తరంగాల పిక్సెల్ 0.031 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు), పొడవు తరంగాలది 0.063. కాబట్టి ఎఫ్200డబ్ల్యూ బొమ్మ, ఎఫ్444డబ్ల్యూ బొమ్మకన్నా నిలువూ అడ్డం రెండింతలు ఉంటుంది. చిన్నదాన్ని పెద్దది చేసి కలపాలి. పెద్దదాన్ని కుదిస్తే వెబ్ ఇచ్చిన పదును చేతులారా పోగొట్టుకున్నట్టే.

రెండోది మచ్చలు. పచ్చి ఎరుపు, పచ్చి ఆకుపచ్చ, పచ్చి నీలం చుక్కలు కనిపిస్తే అవి నక్షత్రాలు కావు. నక్షత్రం మూడు ఫిల్టర్లలోనూ ఉంటుంది, కాస్మిక్ కిరణం ఒక్కదాంట్లోనే పడుతుంది, అందుకే ఆ పచ్చి రంగు. వాటిని తుడవొచ్చు. ఏసీఎస్ రెండు చిప్‌ల మధ్య ఖాళీ వల్ల నడుమ ఓ నల్లగీత మిగులుతుంది. టెలిస్కోపును కొద్దిగా జరిపి తీసిన ఎక్స్‌పోజర్లు లేకపోతే అక్కడ డేటాయే లేదు. పక్క పిక్సెళ్లతో పూడ్చే బదులు అక్కడికి ఫ్రేమును కత్తిరించడమే న్యాయం. నక్షత్రాల చుట్టూ కిరణాలను ముట్టుకోవద్దు. హబుల్‌కు నాలుగు, వెబ్‌కు ఆరు పెద్దవీ రెండు చిన్నవీ. అవి టెలిస్కోపు గుర్తులు. వెబ్ ఫ్రేముల్లో బాగా వెలిగే నక్షత్రం నడుమ నల్లటి మచ్చ కనబడుతుంది. అది డిటెక్టర్ నిండిపోయి విలువ పోగొట్టుకున్న చోటు. దాన్ని తెలుపుతో నింపడం రివాజే. అయితే నింపిన సంగతి తెలిసి నింపాలి, అది కొలతకు పనికిరాదని గుర్తుండాలి.

ఫిట్స్‌లో వరసల లెక్క కింది నుంచి మొదలవుతుంది, మామూలు బొమ్మల్లో పై నుంచి. ఒక ఫిల్టర్‌ను లిబరేటర్‌లో, మరోదాన్ని వేరేచోట చేస్తే ఒకటి తలకిందులుగా రావచ్చు. అన్నీ ఒకేచోట చెయ్యండి.

మిగతావాటితో పోలిక క్లుప్తంగా. డీఎస్9 ఫైలును చూడటానికి, కొలవడానికి గొప్పది, అచ్చుకు బొమ్మ ఇవ్వడానికి కాదు. సిరిల్ ఉచితం, పొరలు కూరుస్తుంది, స్ట్రెచ్ చేస్తుంది, రంగూ కలుపుతుంది. సొంత టెలిస్కోపుతో ఫొటోలు తీసేవారికి లిబరేటర్‌కన్నా సిరిలే మేలు. పిక్స్‌ఇన్‌సైట్ అన్నిటికన్నా శక్తిమంతం, కానీ లైసెన్స్ కొనాలి, నేర్చుకోవడానికి నెలలు పడుతుంది. లిబరేటర్ ఒక పూటలో పట్టుబడుతుంది. సమాచార విభాగంలో కొత్తగా చేరినవారికి డేటాకీ బొమ్మకీ మధ్య ఏం జరుగుతుందో చూపించడానికి దీనికి సాటి లేదు. మూడు అంకెలు మార్చగానే అదే గెలాక్సీ మూడు రకాలుగా మారడం చూశాక, బొమ్మ అంటే ఒక నిర్ణయమని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. 2012లో ఈఎస్ఏ హబుల్ ఆర్కైవ్‌లో మరుగున పడి ఉన్న బొమ్మలు వెతికి పెట్టమని ‘హిడెన్ ట్రెజర్స్’ పోటీ పెట్టినప్పుడు మామూలు జనం చేసిన పని చూస్తే, ఈ విద్య సంస్థల గోడలు దాటి ఎంత దూరం వెళ్లిందో తెలుస్తుంది.

తెలుగు నేలతో ముడిపడిన డేటా కావాలంటే ఆస్ట్రోశాట్ ఉంది. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఉపగ్రహం. దాని అతినీలలోహిత టెలిస్కోపు యూవీఐటీ బొమ్మలూ ఫిట్స్‌లోనే ఉంటాయి. యూవీఐటీ కాంతికణాలను ఒక్కొక్కటిగా లెక్కపెడుతుంది. చాలా పిక్సెళ్లు సున్నాలే. ఇక్కడ స్కేల్డ్ పీక్ 10 దగ్గరే ఆగడం మంచిది. పైకి వెళ్తే విడి కణాలు గరగరలా తేలిపోతాయి.

చివరగా బొమ్మ కింద రాసే మాట. ఈఎస్ఏ హబుల్, ఈఎస్ఓ, నోయిర్‌ల్యాబ్ బొమ్మలు సీసీ బై 4.0 లైసెన్స్‌తో వస్తాయి. క్రెడిట్ పంక్తి పూర్తిగా ఇస్తే వాడుకోవచ్చు, అమ్ముకునే పుస్తకంలో కూడా. డేటా నుంచి మీరే బొమ్మ చేస్తే డేటా ఎవరిదో ముందు రాసి, తరవాత ‘బొమ్మ తయారీ’ అని మీ పేరు పెట్టాలి. ఈ బొమ్మలకు తెలుగులో ‘నకిలీ రంగులు’ అన్న మాట వాడుతున్నారు. అది మానాలి. నకిలీ అనగానే పాఠకుడికి మోసం గుర్తొస్తుంది. ఇక్కడ ప్రతి రంగు వెనకా కొలిచిన వెలుగు ఉంది. ‘కేటాయించిన రంగులు’ అనండి. పక్కనే ‘ఎరుపు: గంధకం, ఆకుపచ్చ: హైడ్రోజన్, నైట్రోజన్, నీలం: ఆక్సిజన్’ అని ఒక్క పంక్తి ఇవ్వండి. ఆ పంక్తికి పత్రికలో పట్టే చోటు అర అంగుళం.